సల్లార్చిన నీళ్లు

బుధవారం పొద్దుగాల బసమ్మ మొదటి రొట్టె పీట మీదనే పలిగింది.

"ఒకటి," అన్నది సంగమ్మ, తన పెనం మీదికెల్లి కండ్లు తియ్యకుండనే.

ఎల్లమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. జ్యోతి చిన్నది, ఆమెకు నవ్వాపుకునుడు రాదు, కిసుక్కుమన్నది. బసమ్మ పలిగిన రొట్టెను మల్ల ముద్ద చేసి, ఇంత పొడిపిండి చల్లి, అంచులు ఒత్తుకుంట మెల్లగ కొట్టింది. నడిమిట్ల బాగనే వచ్చింది. ఎత్తి పెనం మీద వేసేటాల్లకు ఒక దిక్కు చీరుకపోయింది.

"రెండు."

భాగీరథి నీళ్ల గంజు కాడ నిలవడి పొయ్యిలకు కట్టె తోసింది. తల ఎత్తలే. ఎత్తితే బసమ్మ మొఖం కనవడుతది. మంట దిక్కు చూస్తే ఏ ఫికరూ లేదు, మంట ఎవ్వరినీ ఏమీ అడగదు.

జహీరాబాద్ దాటి బొంబాయి రోడ్డు పట్టుకొని చిరాగ్‌పల్లి దిక్కు పోతుంటే ఎడమ పక్క ఉంటది ఆ రేకుల షెడ్డు. ముందట 'కట్టెల పొయ్యి జొన్న రొట్టెలు' అని పెద్ద బోర్డు. రోడ్డు మీది దాబాలకు, టౌన్ల హోటళ్లకు రొట్టెలు ఇక్కడికెల్లే పోతయి. సేటు మదన్‌మోహన్‌ది సెంటరు. పని చేసేది ఐదుగురు ఆడోళ్లు. నాలుగు పొయ్యిల మీద పెనాలు, ఐదో పొయ్యి మీద నీళ్ల గంజు. ఆ ఐదో పొయ్యి భాగీరథిది. నీళ్లు కాగవెట్టాలె, పిండి పళ్లాలు సర్దాలె, ఎవరికి పిండి కలిపే యాళ్ల అయితే వాళ్లకు చెంబుతోని నీళ్లు తీస్కపోయి పొయ్యాలె. పోయినేడు ఆమె కుడి మణికట్టు నరం పట్టుకున్నది. దినమంత రొట్టె కొట్టుడు నాతోని కాదని ఏడిస్తే సంగమ్మే సేటుతోని మాట్లాడి ఈ పని ఇప్పించింది. అంతకుముందు ఒక పిల్ల తొందరల గంజు గుంజుకొని కాలు కాల్చుకున్నది కాబట్టి, భాగీరథి తప్ప ఇంకెవరూ గంజు దగ్గరికి పోవద్దని కాయిదా పెట్టింది కూడ సంగమ్మే.

జొన్న పిండి గోధుమ పిండి లెక్క కాదు. సలసల మసిలే నీళ్లు పడితెనే దానికి జిగట వస్తది. పిండి నడుమ గుంట చేసి, నీళ్లు పోసి, కట్టెతోని కలిపి, జర ఆగి, చెయ్యి పట్టేటంత వేడి ఉన్నప్పుడు పిసకాలె. నీళ్లు గోరువెచ్చగున్నయా, ఇగ ఆ పిండి ఎంత పిసికినా మాట వినదు. కొడుతుంటే అంచులు విచ్చుకుంటయి, ఎత్తితే పలుగుతయి. రొట్టె చేసుకునే ఇంట్ల ఆడపిల్లకు పదేండ్లు నిండకముందే ఈ ముచ్చట తెలుస్తది. షెడ్డుల ఐదుగురికీ తెలుసు.

తెలిసే, నలభై దినాల సంది భాగీరథి బసమ్మకు సగం సల్లనీళ్లు కలిపి పోస్తున్నది.

ఎట్లంటే, గంజుల ముంచి చెంబు పట్టుకొని నడుస్తది. దారిల సల్లనీళ్ల బకెట్ ఉంటది. అక్కడ కొంచెం వంగుతది, చెంబు అంచు బకెట్ల మునుగుతది, లేస్తది. రెండు సెకండ్లు గూడ పట్టది. ఎవరన్న కొత్తోళ్లు చూస్తే చెంబు కడుక్కుంటున్నదేమో అనుకుంటరు. ఎంత సాఫ్‌గ చేస్తుండెనో! తనకే ఒక్కోసారి తను ఏం చేస్తున్నదో యాది లేనంత సాఫ్‌గ.

సంగమ్మ నోరు తెరిచి చెయ్యమన్నది లేదు. బసమ్మ పనిల చేరిన రెండో దినం గంటకు అరవై రొట్టెలు తీసింది. పలచగ, గుండ్రంగ, పొంగుకుంట. మిగతోళ్లందరూ ఎన్నేండ్ల సందో గంటకు నలభై కాడ ఆగిన్రు. సేటు బసమ్మ గంప కాడ నిలవడి, "చూసిన్రా? గిట్ల చెయ్యాలె," అని పోయిండు. ఆ పొద్దు సంగమ్మ అందరికీ వినవడేటట్టు, "గీమె గిట్ల చేస్తే రేపు ముగ్గురితోనే ఎల్లదీస్తడు సేటు. ఇంటికి పోయేది ఎవరో మీరే చూసుకోన్రి," అన్నది. అని, భాగీరథి చేతిలున్న చెంబు దిక్కు చూసింది. తర్వాత బకెట్ దిక్కు చూసింది. గంతే.

అందుల అబద్ధం ఏమున్నది? ముగ్గురితో ఎల్లితే మొదట పోయేది నరం పట్టిన చెయ్యే. భాగీరథికి ఆ లెక్క జల్ది అర్థమైంది.

మొదటి వారంల బసమ్మ ఒకసారి అడిగింది. కర్ణాటక దిక్కు పిల్ల, తెలుగు మాట్లాడుతది గని యాస వేరే. "అక్కా, నీరు సల్లగున్నయి, జర కాగినయి పొయ్యవా?" అన్నది.

"అందరికీ ఒకటే గంజు. నీకు సపరేటు తేవాల్నా?" అన్నది భాగీరథి.

మల్ల బసమ్మ అడగలే. పిండిల నీళ్లు పడంగనే కట్టె గిట్ట ముట్టకుండ సీదా చెయ్యి పెట్టి కలుపుడు అలవాటు చేసుకున్నది. సల్లనీళ్లకు కట్టెతోని ఏం పని?

బుధవారం ఎండపొద్దు కాంగనే సేటు వచ్చిండు. బసమ్మ పక్కన పలిగిన రొట్టెల పళ్లెం చూసి నిలవడ్డడు. ఇదివరకు పలిగినయి ఎవరియైనా మాపటికి ఐదుగురు పంచుకొని ఇంటికి తీస్కపోతుండె. బసమ్మ వచ్చినంక సంగమ్మ ఆ పద్ధతి తీసేసింది. ఎవరు పలగ్గొట్టినయి వాళ్ల ముందటనే ఉండాలె అన్నది.

"ఎన్నివి?" అన్నడు సేటు.

"పదకొండు," అన్నది సంగమ్మ. "మొన్న తొమ్మిది. ఇయ్యాల పగటికే పదకొండు."

"ఏందమ్మా బసమ్మా గిది? వచ్చిన కొత్తల మంచిగ చేసినవు గద. చెయ్యి మొద్దువారిందా?"

బసమ్మ లేచి నిలవడ్డది. చేతికి అంటిన పిండి రాల్చుకున్నది. ఒక్కసారి భాగీరథి దిక్కు చూసింది. ఆ చూపు ఎంతసేపో కాదు, రెప్పపాటు. భాగీరథి పొయ్యిలకు ఇంకో కట్టె తోసింది. ఇగ చెప్తది, ఇప్పుడు చెప్తది అనుకున్నది. బసమ్మ తల వంచి, "చూసుకొని చేస్త సేటూ," అన్నది.

"శనివారం ఫంక్షన్ హాలుకు ఆరువందల రొట్టెలున్నయి. ఆ దినం గిట్ల పలిగినయా, ఆదివారం సంది నువ్వు రాకు. నేను సాఫ్‌గ చెప్తున్న."

సేటు బండి చప్పుడు దూరమైనంక సంగమ్మ గొంతు మార్చి, "చూసుకొని చేస్త సేటూ," అని బసమ్మ యాసల దీర్ఘం తీసింది. ఎల్లమ్మ, జ్యోతి పడి పడి నవ్విన్రు. భాగీరథి గూడ నవ్వింది. నవ్వొచ్చి కాదు. అందరు నవ్వుతుంటే నవ్వకుండ ఉన్న మొఖం దొరికిపోతదని.

మాపటికి ఝరాసంగం పోయే ఆటోల సంగమ్మ ఎప్పటిలెక్కనే తన పక్కన జాగ పట్టి పెట్టింది. "రాయే, కూసో. చెయ్యి ఎట్లున్నది?" అని ఆమె మణికట్టు తన ఒళ్ల పెట్టుకొని నొక్కింది. సంగమ్మ రాక్షసి ఏం కాదు. భాగీరథి బిడ్డ మానసకు జరం వస్తే దవాఖానకు ఎత్తుకొని ఉరికింది ఆమెనే. అందుకేనేమో, ఆ నొక్కుడుకు నొప్పి తగ్గుతుంటే భాగీరథికి ఏడుపొచ్చినట్టయింది.

గురువారం దాబాల ఆర్డరు ఎక్కువున్నది. గంజు రెండుసార్లు నింపాలె. పదిన్నరకు గంజు దించి కొత్త నీళ్లు పొయ్యడానికి భాగీరథి రెండు చెవులకు బట్ట పెట్టి ఎత్తింది. సగం ఎత్తినంక మణికట్టుల చురుక్కుమన్నది. వేళ్లు వదులైనయి. అడుగున మిగిలిన మసిలే నీళ్లు ఆమె కాళ్ల దిక్కు వంగినయి.

"అమ్మో!" అన్నది ఎల్లమ్మ, కూసున్న కాడికెల్లి కదలకుండనే. సంగమ్మ పెనం మీద రొట్టె తిప్పుతున్నది. జ్యోతి నోరు తెరిచి చూస్తున్నది.

లేచి ఉరికొచ్చింది బసమ్మ. పిండి చేతులతోనే అవతలి చెవి పట్టుకున్నది. కాలుతున్నా వదలలే. ఇద్దరు కలిసి గంజును కింద పెట్టిన్రు.

"ఏమన్న పడ్డదా అక్కా?" అన్నది వంగి ఆమె పాదాలు చూసుకుంట.

"లే. ఏం పడలే."

"చెయ్యి అంత నొస్తున్నదా? మరి చెంబు నిండ ఎందుకు ముంచుతవు? సగం ముంచు. రెండుసార్లు తిరుగుతవు, అంతే గద. నాకు ఆఖరికి పోసినా పర్వలేదు." గంజు చెవి ఒత్తుకున్న అరచెయ్యి ఎర్రగైంది. దాన్ని చీర కుచ్చెళ్లకు రాసుకొని పోయి తన పీట మీద కూసున్నది.

"పద్నాలుగు," అన్నది సంగమ్మ. బసమ్మ లేచి వచ్చిన సందుల ఆమె పెనం మీద రొట్టె మాడింది. మాడింది గూడ పలిగిన లెక్కల్నే కలిసింది.

ఆ పొద్దు భాగీరథికి అన్నం సహించలే. బసమ్మ రోజు తినే తావు షెడ్డు వెనక కట్టెల కుప్ప కాడ. మొదట్ల అందరితోని కూసుందామని వచ్చినప్పుడు ఎల్లమ్మ, "ఇక్కడ జాగ లేదు తల్లీ," అని కాళ్లు బార్ల చాపింది. అప్పటి సంది అక్కడే. భాగీరథి కట్టెలు తేవడానికి పోయినట్టు పోయి చూసింది. బసమ్మ మోకాళ్ల మీద పళ్లెం పెట్టుకొని పలిగిన రొట్టె ముక్కలే పల్లి పొడి అద్దుకొని తింటున్నది. టిఫిన్ డబ్బా లేదు. ఆ పలిగినయే పగటి కూడు, మాపు కూడు అయినట్టున్నది. భాగీరథిని చూసి పళ్లెం కొంగు కిందికి జరుపుకున్నది. సిగ్గు పడాల్సింది ఎవరు, పడుతున్నది ఎవరు! భాగీరథి రెండు కట్టెలు చంకల పెట్టుకొని, ఎన్ని తీసుకున్నదో గూడ చూడకుండ ఉరికొచ్చింది.

ఇగ చాలు అనుకున్నది. రేపు సీదా మసిలే నీళ్లు పోస్త. పూరా కాగినయి. ఎవరికీ చెప్పేది లేదు, ఎవరితోని లొల్లి లేదు. బకెట్ కాడ ఎప్పటిలెక్కనే వంగుత, చెంబు మాత్రం ముంచ. సంగమ్మకు వంగినట్టే కనవడుతది. బసమ్మ రొట్టెలు మంచిగొస్తయి. శనివారం గడుస్తది, ఆమె పని ఆమెకు ఉంటది, నా పని నాకు ఉంటది. రాత్రి మణికట్టుకు నూనె రాసుకుంట ఈ ఉపాయం మల్ల మల్ల అనుకున్నది. అంత మంచిగ ఉన్నట్టు కొట్టింది ఆమెకు. నలభై దినాల సంది మొదటిసారి బేఫికర్‌గ నిద్రపట్టింది.

శుక్రవారం పొద్దుగాల గంజు సలసల మసులుతున్నది. సంగమ్మకు పోసింది, ఎల్లమ్మకు పోసింది, జ్యోతికి పోసింది. వాళ్లు కట్టెలతోని పిండి కలుపుతుంటే పొగలు లేస్తున్నయి. నాలుగో చెంబు ముంచింది. బకెట్ కాడ వంగింది. చెంబును నీళ్లకు జానెడు మీదనే ఆపింది, లేచింది. సంగమ్మ ఒకసారి చూసి మల్ల పెనం దిక్కు తిరిగింది.

ఆఖరి పొయ్యి కాడ ఎప్పుడూ పొగ. గాలి ఏ దిక్కుకెల్లి కొట్టినా పొగ అక్కడికే వస్తది, అందుకే అది బసమ్మకు ఇచ్చిన్రు. బసమ్మ కండ్లు నులుముకుంట పిండి నడుమ గుంట చేసి పెట్టింది. భాగీరథి చెంబు వంచింది.

ఒక్క మాట అనాలె. 'చూసుకో, ఉడుకున్నయి' అనాలె. గంతే. ఆ మాట నాలుక మీదికి వచ్చింది గూడ. గని రెండు మూరల దూరంల సంగమ్మ. ఆ మాట ఆమె చెవిల పడ్డదంటే ఇన్నాళ్లు ఉడుకు లేవన్నట్టు, ఇయ్యాల తను మారినట్టు. భాగీరథి నోరు మూసుకొని నీళ్లు పోసింది. పొగల ఆవిరి కనవడలే.

బసమ్మ అలవాటు ప్రకారం సీదా చెయ్యి పెట్టింది.

"అవ్వా!"

ఆ కేకకు షెడ్డు రేకులు అదిరినయి. బసమ్మ చెయ్యి పైకి గుంజుకున్నది, వేళ్ల నిండ ఉడికిన పిండి అంటుకొని ఉన్నది. అది ఊడదు, ఊడకుండ ఇంకా కాలుస్తనే ఉంటది. ఆమె చెయ్యి విదిలించుకుంట లేచి, పీటకు తట్టుకొని, మోకాళ్ల మీద పడ్డది. జ్యోతే ముందు ఉరికింది. రెక్క పట్టుకొని నల్లా కాడికి గుంజుకపోయి నీళ్లు వదిలింది. ఎల్లమ్మ "పేస్టు తేన్రే, పేస్టు" అని తిరుగుతున్నది. భాగీరథి చెంబు పట్టుకొని నిలవడ్డ కాడనే నిలవడ్డది.

సంగమ్మ లేచి ఆమె పక్కకు వచ్చింది. పిండి పళ్లెంల వేలు పెట్టి చూసి, చటుక్కున తీసుకున్నది. భాగీరథి మొఖంలకు చూసింది. ఆ చూపుల కోపం లేదు. కొంచెం భయమున్నది, కొంచెం మెచ్చుకోలున్నది.

"ఓయమ్మ," అన్నది మెల్లగ. "ఇంత పని చేస్తివేందే!"

"అట్ల కాదు అక్కా..."

"చుప్. ఊకో. నేను చూడలే, నువ్వు చెప్పలే."

సేటు వచ్చే సరికి బసమ్మ కుడి చెయ్యి మణికట్టు దాక కమిలి, వేళ్ల మీద బుడగలు లేచినయి. "ఎట్లయింది?" అన్నడు.

"చూసుకోకుండ చెయ్యి పెట్టింది," అన్నది సంగమ్మ.

"పొగ గద సేటూ, కనవడలే," అన్నది ఎల్లమ్మ.

సేటు భాగీరథి దిక్కు చూసిండు. నీళ్లు పోసేది ఆమెనే కాబట్టి. భాగీరథి నోరు తెరిచింది. "నేను పోసిన. ఆమె..." అన్నది. సేటుకు ఆగే తీరిక లేకుండె. ఆటో పిలిచి బసమ్మను దవాఖానకు తోలమన్నడు.

ఆటో ఎక్కిచ్చేటప్పుడు భాగీరథి చెయ్యి పట్టబోయింది. బసమ్మ పట్టనియ్యలే. నొప్పికి పండ్లు కొరుక్కుంటున్నది, కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి. అయినా మాట తడబడకుండ అడిగింది.

"నేనేం చేసిన అక్కా నీకు?"

ఆటో పోయింది. ఆ మాట పోలే. ఆ దినమంత నీళ్లు పోస్తుంటే, పళ్లాలు కడుగుతుంటే, ఆ మాట చెవుల్నే ఉన్నది. అసలుకు ఆమె చెడ్డ చేసిన నలభై దినాలు బసమ్మ ఒక్క మాట అనలే. మంచి చేద్దామనుకున్న ఒక్క పొద్దు అడిగింది. దీనికి భాగీరథి ఎవరి మీద కోపం చేసుకోవాలె? మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?

మాపటికి ఆటోల సంగమ్మ ఇంకొంచెం ఎక్కువ జరిగి జాగ ఇచ్చింది. చెవుల చెప్పింది. "నేను సల్లనీళ్లనుకున్న గంతే. గిట్ల చెయ్యమని అనలే. ఏదో అయిపోయింది. పోలీసులొచ్చినా నా నోట్లకెల్లి నీ పేరు రాదు, ఫికర్ చెయ్యకు." ఎదురుంగ కూసున్న ఎల్లమ్మ, "పీడ పోయింది తియ్యి," అని మెచ్చుకున్నట్టు తల ఊపింది. చిరాగ్‌పల్లి దిక్కు ఏ ఇంట్లనో ఒక ఆడది ఎడమ చేతితోని అన్నం తింటుంటది ఇప్పుడు. ఇక్కడ భాగీరథికి మంచి సీటు దొరికింది. సంగమ్మ ఆమె మణికట్టు పట్టుకొని నొక్కుడు షురూ చేసింది. భాగీరథి చెయ్యి గుంజుకున్నది.

"ఏమైందే?"

"నొస్తలేదు," అన్నది భాగీరథి. అది గూడ అబద్ధమే.

శనివారం ఆరుగంటలకే అందరు షెడ్డుల ఉన్నరు. పదకొండు గంటల లోపల ఆరువందల రొట్టెలు ఫంక్షన్ హాలుకు చేరాలె. ఉన్నది మూడు చేతులు. సేటు గడియారం చూసుకుంట అటిటు తిరుగుతున్నడు. నీళ్లు ఇంకా మసలకముందే గేటు కాడ బసమ్మ కనవడ్డది. కుడి చేతికి మోచెయ్యి దాక తెల్ల కట్టు. తల దువ్వుకోనట్టున్నది, ఒంటి చేతితోని జడ వేసుకునుడు కాదు గద. చీర మాత్రం పనికి వచ్చినట్టే బొడ్డుల దోపుకొని వచ్చింది.

"ఎందుకొచ్చినవమ్మా? ఇంటి కాడ పండుకో," అన్నడు సేటు.

"పన్నెండు దినాలల్ల మానుతదన్నరు సేటూ. నా పొయ్యి ఇంకెవరికీ ఇయ్యకు. పన్నెండు దినాలు ఆగు."

"ఆగి ఏం చెయ్యాలె? చెయ్యి మంచిగున్నప్పుడే దినం పదకొండు, పద్నాలుగు పలగ్గొట్టినవు. నేనేం సత్రం నడుపుతున్ననా? ఇయ్యాల మందికి నేనేం జవాబు చెప్పాలె? నువ్వు పో. వేరే ఆమెను చూసుకుంట."

బసమ్మ పోలే. అడుక్కునుడు గూడ చెయ్యలే. గేటు ఇనుప కడ్డీ ఎడమ చేతితోని పట్టుకొని నిలవడ్డది. ఆ కడ్డీ వదిలితే ఇగ ఆ గేటు లోపలికి మల్ల వచ్చేది లేదన్నట్టు గట్టిగ పట్టుకున్నది. సంగమ్మ పిండి పళ్లెం ముందటేసుకొని, "నీళ్లు తేవే భాగీరథీ, పొద్దెక్కుతున్నది," అన్నది.

భాగీరథి చెంబు ముంచింది. నడిచింది. బకెట్ కాడికి వచ్చి ఆగింది.

"సేటూ," అన్నది. సేటు గడియారం చూసుకుంటనే ఉన్నడు. మల్ల అన్నది. "సేటూ, ఆమె రొట్టెలు ఆమె చేతికి పలగలే. నేను పలగ్గొట్టిన."

"ఏందే?" అన్నది సంగమ్మ.

"గిట్ల." భాగీరథి వంగి, చెంబు బకెట్ల ముంచి, ఎత్తి చూపెట్టింది. చెంబు మీది పొగ ఆగిపోయింది. "నలభై దినాల సంది గిట్లనే పోసిన ఆమెకు. గోరువెచ్చటి నీళ్లకు జొన్న పిండి పలుగుతదా లేదా, నీకు తెలువకుంటే నీ ఇంట్ల అడుగు. సల్లగున్నయక్కా అని ఆమె నన్ను అడిగింది. అందరికీ ఒకటే గంజు అని చెప్పిన."

పొయ్యిల కట్టె చిటపటమన్నది. జ్యోతి తల దించుకొని పీట మీద పిండిల గీతలు గీస్తున్నది. సేటు నలుగురి దిక్కు మార్చి మార్చి చూసిండు.

సంగమ్మ లేచింది. "ఎవరు చెయ్యమన్నరు నిన్ను? నేను చెప్పిన్నా? నా నోట్లకెల్లి మాట వచ్చిందా?"

"రాలే. నువ్వు బకెట్ దిక్కు చూసినవు. చేసింది నేనే."

"మరి నిన్న? నిన్న మసిలే నీళ్లు పోసి చెయ్యి కాల్చింది గూడ ఎవరో చెప్పు సేటుకు. నేను దాచిపెడితే నన్నే కాటేస్తున్నవు, చెప్పు!"

"నేనే." భాగీరథి గేటు దిక్కు తిరిగింది. ఇప్పుడు బసమ్మ మొఖం చూడక తప్పదు. చూసింది. "కాగిన నీళ్లు పొయ్యాలెనని పోసిన బసమ్మా. నీ రొట్టెలు మంచిగ రావాలెనని. ఉడుకున్నయని చెప్పుడుకు భయమైంది. సంగమ్మక్క వింటదని."

ఆ మాట బయటికొచ్చినంక ఎంత చండాలంగ ఉన్నదో ఆమెకే వినవడ్డది. మంచి చేద్దామని, భయమై, చెప్పలేదట. ఎవరు నమ్ముతరు? తనైతే నమ్ముతుండెనా? సిగ్గుతోని చెవులు మండినయి. భూమి మీద ఏ మూలకన్న పోయి కూసుందామనిపించింది గని, చెంబు చేతిల ఉన్నది, అందరు చూస్తున్నరు.

బసమ్మ కట్టు చెయ్యి ఛాతికి ఆనిచ్చుకున్నది. "సల్లనీళ్లని నాకు మొదటి దినమే తెలుసు," అన్నది. "నువ్వు బకెట్ల ముంచేది నేను చూడలేదనుకున్నవా? చూసిన. అయినా ఎల్లదీసిన. నిన్న ఒక్క మాట చెప్పాల్సుండె అక్కా. నా చెయ్యి గద."

సేటు రెండు చేతులు ఎత్తిండు. "మీ పంచాయతి నాకొద్దు తల్లీ! ఆరువందల రొట్టెలు! ఆరుదాటి ఇరవై నిమిషాలయింది. ఎవరు చేస్తరు చెప్పున్రి."

"ఆమె పొయ్యి కాడ నేను కూసుంట," అన్నది భాగీరథి. "ఇయ్యాలనే కాదు. ఆమె చెయ్యి మానేదాక ఆమె రొట్టెలు నేను కొడత. మానినంక ఆమె జాగ ఆమెదే. మొదటి రెండు దినాలు ఎట్ల కొట్టిందో నువ్వు చూసినవు సేటూ, కాగిన నీళ్లతోని ఇంకోసారి చూడు. గప్పుడు పలిగితే నన్ను గూడ తీసెయ్యి."

"నీ చెయ్యితోని అయితదా?"

"అయినన్ని అయితయి."

"నీళ్లెవరు పోస్తరు మరి?"

గేటు కడ్డీ మీదికెల్లి బసమ్మ చెయ్యి తీసింది. లోపలికి వచ్చింది. భాగీరథి చేతిలకెల్లి చెంబు తీసుకొని, అందులున్న గోరువెచ్చటి నీళ్లు బయట పారబోసింది. "ఎడమ చెయ్యి ఉన్నది గద," అన్నది.

"గంజు కాడికి భాగీరథి తప్ప ఎవరూ పోవద్దని కాయిదా ఉన్నది," అన్నది సంగమ్మ.

"ఏ కాయిదా? నేనేం పెట్టలే," అన్నడు సేటు. "పోన్రి, పోన్రి. రొట్టెలు కానియ్యున్రి."

భాగీరథి ఆఖరి పొయ్యి కాడ కూసున్నది. కూసుందో లేదో పొగ కండ్లల్ల కొట్టింది. నలభై దినాలు ఈ పొగల్నే ఆ పిల్ల ఎట్ల కూసున్నదో! జ్యోతి కలిపిన పిండిలకెల్లి ఒక ముద్ద మాట్లాడకుండ ఇటు జరిపింది. ఏడాది అయింది రొట్టె కొట్టక. ముద్ద పీట మీద పెట్టి, పొడిపిండి చల్లి, అరచేతితోని తిప్పుకుంట కొట్టింది. నాలుగు దెబ్బలకే మణికట్టుల సూది గుచ్చినట్టయింది. అయిదో దెబ్బ వంకర పడ్డది. రొట్టె అంచు విచ్చుకొని నడిమి దాక చీరుకపోయింది.

"ఒకటి," అన్నది సంగమ్మ.

ఎల్లమ్మ నవ్వడానికి నోరు తెరిచి, జ్యోతి నవ్వకపోయే సరికి మూసుకున్నది. భాగీరథి పలిగినదాన్ని ముద్ద చేసి మల్ల పీట మీద పెట్టింది. మాపటికి ఆటోల జాగ ఉండదు, అది తెలుసు. జహీరాబాద్ దిక్కు పోయే ఏ బండన్న పట్టుకొని, నడుమ దిగి, నడవాలె. రెండో రొట్టె వంకరగనైనా పలగకుండ లేచింది. మూడోది జర నయం.

ఏడు కొట్టినంక ముద్ద అయిపోయింది. ఆమె కొత్త పిండి పళ్లెంల పోసి, నడుమ గుంట చేసి, తల వంచుకొని కూసున్నది. నీళ్లు కావాలెనని కేక వెయ్యలే. ఏ నోటితోని వేస్తది?

బసమ్మ గంజుల చెంబు ముంచింది. ఎడమ చెయ్యి కాబట్టి సగమే ముంచింది. మెల్లగ నడుచుకుంట వచ్చింది. సంగమ్మ చూస్తున్నది, ఎల్లమ్మ చూస్తున్నది, జ్యోతి కొట్టే రొట్టె ఆపి చూస్తున్నది. బకెట్ పక్కకెల్లే నడిచింది. ఆగలే, వంగలే. ఆఖరి పొయ్యి కాడికి వచ్చి నిలవడ్డది. పొగల ఆమె మొఖం సరిగ కనవడతలేదు.

నీళ్లు గుంటల పడ్డయి. భాగీరథి చేతులు ఒళ్లనే పెట్టుకున్నది.

"చెయ్యి పెట్టకు," అన్నది బసమ్మ, షెడ్డుల అందరికీ వినవడేటట్టు. "ఉడుకున్నయి."

అని, పిండి కలిపే కట్టె తీసి భాగీరథి ముందట పెట్టి, ఇంకో చెంబు నీళ్లకు గంజు కాడికి పోయింది.